మొదటి టేకు చెరపకు

చిట్టితల్లీ,

చెవిలో తాళం కొట్టే క్లిక్ లేకుండా, మీ బ్యాండ్ నలుగురూ ఒకే గదిలో కూర్చుని, పాడేవాళ్లు లేని వాయిద్యాల ఆల్బమ్ మొత్తం లైవ్‌గా రికార్డ్ చేస్తారట కదా. మీ అమ్మ ఫోన్‌లో చెప్పగానే ఎగిరి గంతేశాను. రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు.

గిటార్లకు కొత్త తీగలు వేయించు. డ్రమ్స్ శ్రుతి చూసుకో. గిటార్లను డీఐ బాక్స్ (గిటార్ శబ్దాన్ని మైకు లేకుండా నేరుగా రికార్డింగ్‌లోకి పంపే పెట్టె) ద్వారా విడిగా కూడా రికార్డ్ చేసుకోండి, టోన్ నచ్చకపోతే తర్వాత దాన్నే యాంప్‌లోకి పంపొచ్చు. ఒకరి మైకులో ఇంకొకరి శబ్దం పడుతుంది, పడనీ. కాకపోతే శబ్దం అడుగు దూరం రావడానికి దాదాపు ఒక మిల్లీసెకను పడుతుంది. నీ స్నేర్ డ్రమ్ శబ్దం గిటార్ మైకుకు ఆలస్యంగా చేరి, అన్నీ కలిపితే పీలగా వినిపించొచ్చు. ముందే మోనోలో, అంటే అన్నీ ఒకే చానల్‌లో కలిపి, వినండి. పీలగా ఉంటే మైకు జరపండి, ఈక్యూతో బేస్, ట్రెబుల్ సర్దే జోలికి పోకండి.

అసలు సంగతి ఇది. మా రోజుల్లో రెండంగుళాల టేపు. సెకనుకు 30 అంగుళాల వేగంతో తిరిగితే రీలు 16 నిమిషాలకే అయిపోయేది. మా ట్రాక్ 11 నిమిషాలు, అంటే రీలుకు ఒక్క టేకే. మొదటి టేకులో, ఏడో నిమిషం దగ్గర అందరం గుసగుసలా వాయిస్తుంటే నా చేతిలోంచి గిటార్ తీగలు మీటే పిక్ జారిపోయింది. బొటనవేలితో మీటాను. అది చూసి డ్రమ్మర్ కర్రలు పక్కన పెట్టి అరచేతులతో అందుకున్నాడు. అంతకు ముందెప్పుడూ అలా వాయించలేదు. అయిపోగానే నోరు జారింది నేనే: "తప్పు పడింది, వెనక్కి తిప్పండి." రీళ్లు కొనే స్తోమత లేదు, దాని మీదే రెండోది ఎక్కించాం. తొమ్మిదో టేకు ఆల్బమ్‌లోకి వెళ్లింది. వెతికినా తప్పు దొరకదు. ఇప్పటికీ వింటూ వింటూ ఏడో నిమిషం రాగానే ఆపేస్తాను. మొన్న అడిగితే ఆ డ్రమ్మర్‌కి అసలు గుర్తే లేదు.

పాడేవాళ్లుంటే వాయిద్యం ఎలా ఉన్నా గొంతు నెట్టుకొస్తుంది. మీకా వెసులుబాటు లేదు. ముక్కలు కోసి అతకడం తప్పని కాదు. టార్టాయిస్ అనే అమెరికన్ బ్యాండ్ 1998లో తన ఆల్బమ్ 'టీఎన్‌టీ'ని కంప్యూటర్‌లో అలాగే కట్టింది, నాకెంతో ఇష్టం. అతకడానికైనా ముక్కలుండాలిగా! హార్డ్‌డిస్క్ నిండిందని ఒక్క టేకు తీసేశావో, చెవి మెలిపెడతాను. రోజూ రాత్రి రెండో డిస్క్‌లోకి కాపీ చేశాకే పడుకో.

చెవి అంటే గుర్తొచ్చింది. 100 డెసిబెల్స్ మోతలో రోజుకు పావుగంట మించి ఉండకూడదంటారు. మేం గంటలు గంటలు ఉన్నాం. నా ఎడమ చెవిలో ఈల ఇప్పుడు కూడా మోగుతోంది. ఇయర్‌ప్లగ్స్ రెండు జతలు పంపుతున్నాను. ఒకటి ఎలాగూ పారేసుకుంటావు.

మీ మావయ్య