పెన్సిల్ మర్చిపోకు తల్లీ

బంగారు తల్లీ,

నువ్వు ఫైటోప్లాంక్టన్ పని మీద, అదే సముద్రంలో తేలే కంటికానని పచ్చటి జీవుల పని మీద, ఓడ ఎక్కుతున్నావని మీ నాన్న ఫోన్ చేశాడు. ఎంత గర్వపడ్డానో చెప్పలేను. ఆ రాత్రి నిద్ర మాత్రం పట్టలేదు.

వాంతుల మాత్ర ఓడ కదలకముందే వేసుకో. నీళ్ళు వడకట్టేచోట లైట్లు తగ్గించు, పంపు ఒత్తిడి పెంచకు. తలుపులు మూసిన గదిలో ద్రవ నైట్రోజన్ డబ్బా తెరవకు, ఊపిరాడదు. నీళ్ళ నుంచి వచ్చే వెలుగు కొలిచే రేడియోమీటర్ ముందు ఓడ నీడ, నురగ పడకుండా చూసుకో. ఇవన్నీ నీకు నేర్పే ఉంటారు.

నేర్పినా నేను తప్పిన సంగతి ఒకటుంది. నా మొదటి ప్రయాణంలో, పైనుంచి సముద్రం రంగు కొలిచే విమానం మబ్బుల వల్ల మూడు రోజులు రాలేదు. నాలుగోరోజు ఆకాశం తేటపడింది. అది మా మీదుగా వెళ్ళిన గంటలోనే మేం నీళ్ళు తోడాం. రోజూ రెండు లీటర్లు వడకట్టేదాన్ని. ఆ రోజు నీళ్ళు పచ్చగా, చిక్కగా ఉన్నాయి. ఫిల్టర్ పూడుకుపోతే మధ్యలో ఆపి, మిగిలింది పారబోశాను. చేతులు తడిగా ఉన్నాయి, తర్వాత రాద్దాంలే అనుకున్నాను. డ్యూటీ దిగి పడుకున్నాను.

లేచాక ఎంత గుర్తుచేసుకున్నా తేలలేదు. 900 మిల్లీలీటర్లా, 1,200లా? ఫిల్టర్ మీద క్లోరోఫిల్ ఎంతుందో ల్యాబ్ చెప్పింది, కానీ దాన్ని దేనితో భాగించాలి? ఒక అంకె వేసేద్దామని పెన్ను పట్టుకున్నాను కూడా. చెయ్యి రాలేదు. ఆ వరుస కొట్టేశాను. అన్ని రోజులు ఎదురుచూసిన విమానం కొలతకి కింద సాక్ష్యం లేకుండా పోయింది. నన్ను ఎవరూ ఒక్క మాట అనలేదు, అదే ఎక్కువ బాధించింది.

1978లో ఉపగ్రహం మీద ఎగిరిన మొదటి సముద్రవర్ణ పరికరం గుప్పెడు రంగుల్లోనే చూసేది. 2024లో వెళ్ళిన పేస్ ఉపగ్రహం వందకు పైగా రంగుల్లో చూస్తోంది. అయినా అది చెప్పేది నిజమో కాదో తేల్చేది నీ చేతిలో సీసాడు నీళ్ళే. అందుకే కొలిచి పోసేటప్పుడే రాయి, పారబోసింది కూడా రాయి. పెన్సిల్‌తోనే రాయి, తడికి సిరా కరిగిపోతుంది. బద్ధకిస్తే ఊరుకోను!

ఇంకొకటి. రాత్రి డెక్ మీదికి ఒంటరిగా వెళ్ళకు. ఓడ వెనక నీళ్ళు నీలంగా మెరుస్తుంటాయి, అవీ నీ ఫైటోప్లాంక్టనే. నేనూ ఓసారి ఒక్కదాన్నే రెయిలింగ్ మీదికి వంగి చూస్తుంటే ఓడ ఒరిగింది. తలుచుకుంటే ఇప్పటికీ కాళ్ళు వణుకుతాయి. నువ్వు చూడకుండా ఉండలేవని తెలుసు. లైఫ్ జాకెట్ వేసుకుని, ఎవరినైనా నిద్రలేపైనా తోడు తీసుకెళ్ళు. తిట్టుకుంటే తిట్టుకోనీ.

నీ మేనత్త