ఇటలీ తోటల ఫొటోలను నీరు పారే వరుసలో పేర్చడం

ఇటలీ యాత్రలో తీసిన వెయ్యికి పైగా ఫొటోలలోంచి పాత భవనాలవీ తోటలవీ ఎంచి, చూసేవారికి విసుగు పుట్టకుండా ఎలా పంచుకోవాలని మీరు అడిగారు. రోమ్‌కు తూర్పున సుమారు 30 కిలోమీటర్ల దూరంలో ఉన్న తివోలీలో రెండు రోజులు గడిపి, అక్కడి విల్లా దెస్తే అనే పాత భవనం, దాని తోట ఫొటోలను ఒకసారి తప్పుగానూ, మరోసారి కొంత మెరుగ్గానూ పంచుకున్న అనుభవం నాకుంది కనుక, ఆ రెండు ప్రయత్నాల గురించే రాస్తాను.

మొదటిసారి 140 ఫొటోలను తీసిన వరుసలోనే మా కుటుంబ వాట్సాప్ గ్రూపులో పెట్టాను. మా పెద్దమ్మ ఒక్కరే ఓపికగా అన్నీ చూసి, "ఫౌంటెన్లు చాలా బాగున్నాయిరా, ఇంతకీ ఇవన్నీ ఒకచోటివేనా, నాలుగైదు ఊళ్ళవా?" అని అడిగారు. మొదట కొంచెం నొచ్చుకున్నాను గాని, ఆ తోట గురించి చదివిన తర్వాత ఆవిడ ప్రశ్న సరైనదేనని ఒప్పుకోవలసి వచ్చింది.

విల్లా దెస్తే తోట ఏటవాలుగా ఉన్న కొండ మీద అంచెలంచెలుగా దిగుతుంది. 1550లో తివోలీకి గవర్నరుగా నియమితుడైన కార్డినల్ (కాథలిక్ చర్చిలో పోపు తర్వాతి హోదా గల మతాధికారి) ఇప్పోలితో దెస్తే కోసం వాస్తుశిల్పి పిర్రో లిగోరియో దీనికి రూపకల్పన చేశాడు. నేటి సందర్శకులు పైన, ఊరి వైపున ఉన్న భవనంలోంచి ప్రవేశించి, చిత్రాలతో నిండిన గదులు దాటుకుని తోటలోకి దిగుతారు. కార్డినల్ కాలపు అతిథులు మాత్రం కింది ద్వారంలోంచి వచ్చి, దూరంగా శిఖరం మీద కనిపించే భవనాన్ని చూస్తూ, ఒక్కొక్క అంచె ఎక్కుతూ పైకి వెళ్ళేవారు. అంటే నేను ఫొటోలు తీసిన వరుస, ఆ తోటను నిర్మించినవాడు ఊహించిన వరుసకు సరిగ్గా తలకిందులు. రెండోసారి ఆల్బమ్‌ను తిరగేసి, కింది ద్వారం దగ్గరి దృశ్యంతో మొదలుపెట్టి, మేడ మీది వరండాతో ముగించాను.

అడ్డంగా సాగే వరుస ఇంకా ముఖ్యమైనది. తోట మధ్య అంచెలో సుమారు వంద మీటర్ల పొడవున 'వంద ఫౌంటెన్లు' అనే బాట ఉంది. మూడు కాలువలు ఒకదాని కింద ఒకటిగా పారుతుంటే, పై అంచున దెస్తే వంశ చిహ్నమైన గద్దలు, లిల్లీలు, పడవలు నిలబడి ఉంటాయి, నాచు పట్టిన జంతు ముఖాల నోళ్ళలోంచి నీరు చిమ్ముతూ ఉంటుంది. ఈ బాటకు ఒక చివర తివోలీ కొండలకూ జలపాతాలకూ ప్రతీకగా అండాకార ఫౌంటెన్ ఉంది. రెండో చివర 'రొమెట్టా', అంటే చిన్న రోమ్, రోమ్ పుట్టుక కథలోని కవలలకు పాలిచ్చే ఆడతోడేలుతోనూ, టైబర్ నదిలోని ద్వీపాన్ని సూచించే రాతి పడవతోనూ ఉంది. అనియేనె నది తివోలీ నుంచి ప్రవహించి రోమ్ దగ్గర టైబర్‌లో కలవడాన్ని ఆ వంద మీటర్లలో బొమ్మ కట్టించారన్నమాట. నేను మొదట రొమెట్టాను ముందూ, అండాకార ఫౌంటెన్‌ను ఎక్కడో ఇరవై ఫొటోల తర్వాతా పెట్టి, నదిని వెనక్కి నడిపించాను. మూడింటినీ పక్కపక్కనే పెట్టి రెండు వాక్యాల వివరణ రాశాక పెద్దమ్మ అడిగిన ప్రశ్న వేరు: "అంత నీళ్ళు కొండ మీదికి ఎట్లా ఎక్కుతాయిరా?" నిజానికి ఎక్కవు. పంపులేవీ లేకుండా, అనియేనె నీటిని ఊరి కింద తొలిచిన సొరంగం గుండా మళ్ళించి, వాలు బలంతోనే అన్ని ఫౌంటెన్లనూ ఆడిస్తారు.

ఫొటో కింద రాసే మాటల్లో నేను చేసిన పెద్ద పొరపాటు నెప్ట్యూన్ ఫౌంటెన్ విషయంలో జరిగింది. మూడు చేపల కొలనుల మీదుగా చూస్తే తెల్లటి నీటి గోడలా లేచే ఆ దృశ్యమే ఈ తోట ఫొటోల్లో ఎక్కువగా కనిపిస్తుంది. నేనూ దానికి 'కార్డినల్ కట్టించిన ఫౌంటెన్' అని ధీమాగా రాసేశాను. అది 20వ శతాబ్దం తొలి సగంలో అట్టిలియో రొస్సి రూపొందించినదని ఒక మిత్రుడు సరిదిద్దాడు. పాతగా కనిపించేదంతా ఒకే కాలానిది కాదు కనుక, ఏ భాగం ఎప్పటిదో అక్కడి ఫలకాలను కూడా ఫొటో తీసుకుని వచ్చి, చూసుకుని రాయడం మంచిది. ఆ నీటి గోడకు పైనే ఉన్న ఆర్గన్ (గొట్టాల్లో గాలి ఊదితే మోగే వాద్యం) ఫౌంటెన్‌కు మాత్రం ఫొటో చాలదు. పడే నీరు గాలిని గొట్టాల్లోకి నెడుతుంది, నీటి చక్రం పళ్ళున్న పీపాను తిప్పి మీటలు నొక్కిస్తుంది. అది వినవలసిన వస్తువు గనుక అర నిమిషం వీడియో పెట్టండి.

తివోలీ దిగువనే ఉన్న ప్రాచీన రోమన్ చక్రవర్తి హేడ్రియన్ విల్లాకు కూడా వెళ్ళి ఉంటే, ఆ ఫొటోలను విల్లా దెస్తే కంటే ముందు ఉంచమని నా సలహా. లిగోరియో ఆ శిథిలాలలో తవ్వకాలు జరిపాడు, అక్కడి విగ్రహాలూ పాలరాయీ కార్డినల్ తోటకు తరలివెళ్ళాయి. కానోపస్ అనే పొడవాటి కొలను ఒడ్డున నిలిచిన స్తంభాలను చూసిన కన్నుతో తోటను చూస్తే, ఆ కళ ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పకుండానే తెలుస్తుంది.

వెలుతురు గురించి ఒక మాట. తోట వాయవ్యం వైపు దిగుతుంది గనుక, ఉదయం కింద నిలబడి భవనాన్ని తీస్తే సూర్యుడు ఎదురుగా ఉండి గోడ నల్లగా వస్తుంది. నా సగం ఫొటోలు అందుకే పనికిరాలేదు. ఇటలీ ప్రభుత్వ మ్యూజియంలలో ఫ్లాష్, ట్రైపాడ్ లేకుండా తీసిన ఫొటోలను లాభాపేక్ష లేకుండా పంచుకోవడానికి 2014 నుంచి అనుమతి అక్కరలేదు. అయితే పుస్తకంగానో క్యాలెండరుగానో అమ్మదలిస్తే అక్కడి సంస్థ అనుమతి తీసుకుని రుసుము చెల్లించవలసి రావచ్చు. వాట్సాప్‌లో మామూలుగా పంపితే ఫొటో కుదించుకుపోయి నాచూ నీటి తుంపరలూ ముద్దగా కనిపిస్తాయి కనుక, ఎంచుకున్న పాతిక ఫొటోలనూ డాక్యుమెంట్లుగా పంపండి.