సర్వేకి ఊళ్ళకెళ్తున్న మా మేనల్లుడికి

ఒరే చిన్నోడా,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది, నువ్వు పీహెచ్‌డీ పని మీద మన విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల్లోనే 40 పంచాయతీలు తిరుగుతావంట, ఆడ ప్రెసిడెంట్లున్న ఊళ్ళూ మగ ప్రెసిడెంట్లున్న ఊళ్ళూ పక్కపక్కన పెట్టి, జనం ఏ పనికి ఎవరి గుమ్మం తొక్కుతున్నారో లెక్క తీస్తావంట. వినగానే నవ్వొచ్చింది నాకు. ఇరవయ్యారేళ్ళు నేను చేసిందీ ఇదే కదరా, మీ నాన్న దాన్ని "ఊళ్ళట్టుకు తిరిగే ఉద్యోగం" అనేవాడు, నా పెళ్ళిచూపుల్లో ఎవరైనా అడిగితే ఏదో ఆఫీసులో గుమస్తా అని చెప్పేవాడు. ఇప్పుడు వాడి కొడుకే ఢిల్లీ నుంచి దిగి ఊళ్ళట్టుకు తిరుగుతాడంట. గర్వంగా ఉంది. కానీ రాత్రంతా నిద్ర పట్టలేదు, అందుకే పొద్దున్నే కూర్చుని ఇది టైపు చేస్తన్నాను, తప్పులుంటే సర్దుకుని చదువుకో.

టోపీ, నీళ్ళ సీసా, ఐడీ కార్డు, తహసీల్దారు ఆఫీసుకొక లెటరు, పోలీస్ స్టేషన్‌కొక లెటరు. అంతే, నువ్వేం చిన్నపిల్లాడివి కాదు.

ఓటర్ల లిస్టులోంచి పేర్లు తీస్తావు కదా, మొదటి నెంబరు చీటీ తీసుకుని అక్కడ్నుంచి ప్రతి ఇరవయ్యో పేరో ముప్పయ్యో పేరో, అంతవరకూ మీ సార్లు నేర్పే ఉంటారు. ఇంటికి తాళం కనపడితే మాత్రం పక్కింట్లోకి దూరిపోకు. మన పక్క సగం ఇళ్ళల్లో వయసు మగాళ్ళుండరు, హైదరాబాదు బిల్డింగు పనులకి పోయినోళ్ళు, చెన్నై పోయినోళ్ళు, సముద్రం పక్క ఊళ్ళయితే గుజరాత్ వేరావల్ బోట్ల మీదకి పోయినోళ్ళు. తాళం ఉన్న ఇల్లు వదిలేసి ఎవరుంటే వాళ్ళని అడిగేస్తే నీ లెక్కలో ఊరంతా ముసలోళ్ళే ఉంటారు, ఆ ముసలోళ్ళ మాటే ఊరి మాటని నువ్వు థీసిస్‌లో రాసేస్తావు. మూడుసార్లు వెళ్ళు. సంక్రాంతికో, ఆ ఊరి అమ్మవారి పండక్కో వెళ్ళు, అప్పుడు అందరూ వస్తారు. ఆడోళ్ళని అడగడానికి ఒక ఆడపిల్లని పనిలో పెట్టుకో, మొగుడు పక్కన కూర్చుంటే ఏ ఇల్లాలూ నీకు నిజం చెప్పదు, మీ అత్తా చెప్పదు.

ఓటెవరికేశారని నోటితో అడగొద్దు. ఢిల్లీలో ఎన్నికల సర్వేలు చేసే లోక్‌నీతి వాళ్ళు చేసినట్టు డమ్మీ బ్యాలెట్, అంటే ఉత్తుత్తి ఓటు కాగితం ఇచ్చి, వాళ్ళనే మడతపెట్టి డబ్బాలో వేయమను. అదీ కాక ఫలితాలొచ్చేశాక అడిగితే గెలిచినోడికి పెట్టెలో పడినవాటికంటే నీ సర్వేలో ఎక్కువ ఓట్లు పడతాయి, ఓడినోడికేశామని చెప్పుకోడానికి ఎవరికీ మనసొప్పదు. పంచాయతీ ఎన్నికలకి పార్టీ గుర్తులుండవు కదాని పార్టీ లేదనుకునేవు, ఎవరు ఏ వర్గమో ఊళ్ళో పాలు పోసే కుర్రాడికి కూడా తెలుసు.

ఇంకోటి, మీ ప్రెసిడెంటు ఎవరమ్మా అని అడుగు, అడిగాక నోరు మూసుకో. ఆడ ప్రెసిడెంటున్న ఊళ్ళో చాలామంది ఆవిడ మొగుడి పేరో మావగారి పేరో చెప్తారు. అది తప్పు జవాబని దిద్దకు, ఆ పేరే రాసుకో, నీ పీహెచ్‌డీలో సగం అక్కడే ఉంది. చటోపాధ్యాయ్, డఫ్లో అనే ఆర్థికవేత్తలిద్దరూ బెంగాల్ బీర్భూమ్‌లో, రాజస్థాన్ ఉదయపూర్‌లో చేసిన స్టడీ, 2004లో వచ్చింది, నువ్వు చదివే ఉంటావు, ఆడోళ్ళకి రిజర్వయిన పంచాయతీల్లో మంచినీళ్ళ పనులు ఎక్కువ జరిగాయని తేల్చారు. అక్కడ ఏ ఊరికి రిజర్వేషన్ పడాలో ఎవరి ఇష్టాయిష్టాల మీదా పోలేదు కాబట్టి ఊరికీ ఊరికీ పోల్చగలిగారు. మన దగ్గర సగం సీట్లు ఆడోళ్ళవే, కానీ ఏ ఊరికి ఎందుకు పడిందో జీవోలు తిరగేసి చూసుకోకుండా పోలికలు మొదలెట్టకు.

ఇప్పుడు అసలు సంగతి. మీ అమ్మకి కూడా తెలీదిది.

1996 లోక్‌సభ ఎన్నికలయ్యాక ఒక సర్వే, ఎవరిదన్నది వదిలెయ్, ఊరి పేరు కూడా నీకు చెప్పను. ఆ రోజు చీకటి పడిపోయి ఆఖరి బస్సు తప్పిపోయింది, వాన. ప్రెసిడెంటుగారింట్లో పడుకోమన్నారు. మంచి మర్యాద, ఆయన భార్య వేడివేడిగా చోడంబలి పోసి, చేపల పులుసు వడ్డించింది, నేను లోపలి గదిలో ఆడోళ్ళతో పడుకున్నాను. ఫారాల సంచి మాత్రం వీధి గదిలో చిలక్కొయ్యకి తగిలించి ఉంది. ఆ రోజుల్లో మా ఫారం మొదటి పేజీలోనే పేరు, ఇంటి నెంబరు, తిప్పితే జవాబులు. పైగా నాకో గొప్ప ఉండేది, జనం ఏం మాటంటే ఆ మాటే, వాళ్ళ యాసలోనే రాసేదాన్ని, సూపర్వైజరు అందరి ముందూ మెచ్చుకునేవాడు. ఆ సాయంత్రం ఒక ముసలమ్మ, భర్త పోయినావిడ, ఊళ్ళో పనులెలా ఉన్నాయమ్మా అంటే "రోడ్డు కాగితమ్మీద ఏసీసినారు" అంది. అక్షరం పొల్లు పోకుండా రాశాను.

తెల్లారి అరుగు మీద ప్రెసిడెంటు తమ్ముడు వేపపుల్ల నములుతూ నన్ను చూసి, "ఏటమ్మా, మా అన్నయ్య రోడ్డు కాగితమ్మీద ఏసీసినాడంట?" అని నవ్వాడు.

నేనూ నవ్వేశాను రా.

సంచి మర్చిపోవడం ఒక తప్పయితే ఆ నవ్వు ఇంకో తప్పు. భోజనం పెట్టిన ఇల్లు, వాన, ఒంటరి ఆడపిల్లని, ఏం చెయ్యాలో తోచలేదు. సంచి తీసుకుని మొదటి బస్సెక్కేశాను. రెండు నెలల తర్వాత బ్యాక్ చెక్‌కి, అంటే రాసిన జవాబులు సరిగ్గా ఉన్నాయో లేదో మళ్ళీ అడిగి చూసుకోడానికి వెళ్తే ఆ ముసలమ్మ నన్ను చూసి తలుపు సగం మూసి, "మీకే సెప్పాను గదమ్మా, మీరెల్లి ఆలకి సెప్పీసినారు" అంది. పింఛను ఆగిపోయిందంట, అప్పట్లో నెలకి 75 రూపాయలు. ప్రెసిడెంటుని అడిగితే లిస్టు పైనుంచే అలా వచ్చిందమ్మా, మా చేతిలో ఏముంది అన్నాడు. కావచ్చు. ఒక్క కేసుతో ఇది దీనివల్లే జరిగిందని చెప్పలేమని మీ సార్లు నేర్పుతారు చూడు, నేనూ ఇన్నేళ్ళుగా నాకు అదే చెప్పుకుంటన్నాను. మండలాఫీసులో అర్జీ పెట్టాను, పని జరగలేదు. రెండుసార్లు మనియార్డరు చేశాను. మొదటిది తీసుకుంది. రెండోది తిరిగొచ్చింది.

అందుకే ఫారాల బదులు నువ్వు పట్టుకెళ్ళే టాబ్లెట్ కంప్యూటర్లంటే నాకు భయం. నా సంచిలో ముప్పై ఫారాలు, నీ టాబ్లెట్‌లో 40 ఊళ్ళు, పైగా ప్రతి ఇంటికీ జీపీఎస్ గుర్తు. పేర్ల జాబితా ఒక చోట, జవాబులు ఇంకో చోట పెట్టు, మధ్యలో ఉండేది కోడ్ నెంబరే, ఆ రెండూ కలిపే తాళం నీ ఒక్కడి దగ్గరే ఉండాలి. సర్వే వల్ల జనానికి హాని లేదని చూసే ఎథిక్స్ కమిటీ సంతకం పెట్టింది కదా అంటావేమో, ఆ కమిటీ వాళ్ళెవరూ ఆ ఊళ్ళో కాపురం ఉండరు. పంచాయతీ పేరు మార్చేశానని ధీమా పడకు, ఫలానా మండలంలో బీసీ మహిళ సర్పంచి, ఇన్ని ఓట్లు అని రాస్తే మన జిల్లాలో ఎవడైనా పట్టేస్తాడు. బ్యాలెట్ పేపర్ల రోజుల్లో లెక్కపెట్టేముందు పోలింగ్ బూతులన్నిటివీ కలిపేసే పద్ధతైనా ఉండేది, 2004 నుంచి దేశమంతా మిషన్లయ్యాక ఏ బూతులో ఎవరికెన్ని పడ్డాయో ఫారం 20 అనే ఫలితాల కాగితంలో బయటే కనిపిస్తది, అంటే ఊరు ఎటేసిందో నాయకులకి ముందే తెలుసు, మనిషి ఎటేశాడో ఒక్కటే తెలీదు. అది నీ చేతుల మీదుగా తెలియకూడదు. ఊళ్ళో పింఛన్లు పంచే గ్రామ సచివాలయం వాళ్ళని వెంటబెట్టుకుని వెళ్ళకు, ఎంత మంచోళ్ళయినా సరే. అప్పుడు 75 రూపాయలకే ఆవిడ తలుపు మూసింది, ఇప్పుడు పింఛను 4000, పింఛనిచ్చే మనిషి ఎదురుగా నిలబడితే ఎవరు నోరు విప్పుతారు.

ఎవరింట్లోనూ రాత్రి ఉండకు. మన ఇల్లుంది కదరా, మూడు లాంతర్ల దగ్గర ఆటో ఎక్కితే పది నిమిషాలు, ఏ వేళకొచ్చినా తలుపు తీస్తాను, నువ్వు చిన్నప్పుడు తినే పనసపొట్టు కూర చేసి పెడతాను. ఎండలో మాడిపోతే మీ అమ్మ నన్నే అంటది.

నిన్న ఫోన్లో మీ అమ్మతో నీ 40 ఊళ్ళ లిస్టు నాకు పంపమని చెప్పాను, దారులు చెప్దామని. పంపకు. పంపితే ముందు ఆ ఊరి పేరుందో లేదో వెతుకుతాను. దారులు ఆర్టీసీ కండక్టర్లనడుగు, నాకంటే బాగా చెప్తారు. విజయనగరం దిగాక రెండో నెంబరుకి ఫోన్ చెయ్, మొదటిది సరిగ్గా మోగట్లేదు.

మీ అత్త