పాత కారు తుక్కుకు ఇస్తే రాయితీ ఎవరికి?

ప్రశ్న: మా నాన్నగారి పేరు మీద 2010లో కొన్న పెట్రోలు కారు ఉంది. పదిహేనేళ్లు నిండి ఆర్‌సీ గడువు తీరిపోయింది. నా పేరు మీద 8 లక్షల రూపాయల కారు కొందామని షోరూమ్‌కి వెళ్తే, పాత బండిని తుక్కుకు ఇవ్వక తప్పదని, ఇస్తే ప్రభుత్వ రాయితీ వస్తుందని చెప్పారు. కొటేషన్ చూస్తే అంతకుముందు ఇస్తామన్న ఎక్స్ఛేంజ్ బోనస్ అందులో లేదు. పాత ఇనుము కొనే ఒకాయన ఇంటికే వచ్చి నగదు ఇచ్చి బండి తీసుకెళ్తానంటున్నాడు. అసలీ రాయితీ వల్ల కొనేవాళ్లకు లాభం ఉందా? మేమేం చేయాలి?

జవాబు: ముందు ఆ 'తప్పదు' అన్న మాట సంగతి చూద్దాం. పదిహేనేళ్లు నిండినంత మాత్రాన సొంత కారును తుక్కుకు ఇచ్చి తీరాలని మోటారు వాహనాల చట్టంలో లేదు. సెక్షన్ 41 ప్రకారం సొంత వాహనం రిజిస్ట్రేషన్ 15 ఏళ్లు చెల్లుతుంది, ఆపైన అయిదేళ్లకోసారి పొడిగించుకోవచ్చు. బండి ఫిట్‌నెస్ పరీక్షలో నెగ్గాలి, ఫీజు కట్టాలి, అంతే. పదిహేనేళ్లు దాటితే రిజిస్ట్రేషన్ రద్దేనన్న నిబంధన 2023 ఏప్రిల్ 1 నుంచి ప్రభుత్వ వాహనాలకు వచ్చింది. ఢిల్లీ, దాని చుట్టుపక్కల ప్రాంతాలకు కాలుష్యం కారణంగా కోర్టు ఉత్తర్వులు వేరేగా ఉన్నాయి, వాటితో మీకు పని లేదు.

పొడిగింపు ఖర్చు మాత్రం బాగా పెరిగింది. ఒకప్పుడు 600 రూపాయలున్న కారు రెన్యువల్ ఫీజు 2022 ఏప్రిల్ 1 నుంచి 5 వేలయింది. ఆలస్యానికి నెలకు 500 అదనం. కాబట్టి నిర్ణయం ఏదైనా త్వరగా తీసుకోండి. ఈలోపు బండిని రోడ్డెక్కించకండి.

ఇక రాయితీ. షోరూమ్ వాళ్లు 'ప్రభుత్వ రాయితీ' అని ఒక్క మాటలో చెప్పేస్తారు కానీ అందులో రెండు వేర్వేరు సంగతులున్నాయి. ఒకటి మీ హక్కు, రెండోది కంపెనీ దయ. ఈ తేడా తెలియకే చాలామంది నష్టపోతున్నారు.

హక్కుగా వచ్చేది పన్ను తగ్గింపు. గుర్తింపు పొందిన స్క్రాపింగ్ కేంద్రంలో బండి అప్పగిస్తే 'సర్టిఫికెట్ ఆఫ్ డిపాజిట్' (తుక్కు పత్రం) ఇస్తారు. దాన్ని చూపి కొత్త బండి రిజిస్టర్ చేయిస్తే రిజిస్ట్రేషన్ ఫీజు ఉండదు. ఇది కొద్ది మొత్తమే. అసలు లాభం లైఫ్ ట్యాక్స్‌లో ఉంది. కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 51ఎ ప్రకారం సొంత వాహనాలకు 25 శాతం వరకు, రవాణా వాహనాలకు 15 శాతం వరకు పన్ను తగ్గించవచ్చు. ఇక్కడ 'వరకు' అన్న మాట ముఖ్యం. ఎంత తగ్గించాలో తేల్చేది రాష్ట్ర ప్రభుత్వం. పన్ను లక్ష రూపాయలైతే, పూర్తి 25 శాతం ఇచ్చేచోట 25 వేలు మిగులుతాయి. మీ రాష్ట్ర రవాణా శాఖ జీవో ప్రకారం ఎంతన్నది కొనకముందే ఆర్టీఏ కార్యాలయంలో కనుక్కోండి. షోరూమ్ మాట మీద ఆధారపడకండి.

కంపెనీ డిస్కౌంటు సంగతి అలా కాదు. 2021లో పాత వాహనాల తుక్కు విధానం ప్రకటించినప్పుడు, తుక్కు పత్రం తెచ్చినవారికి 5 శాతం తగ్గించమని కేంద్రం తయారీదారులకు సూచించింది. సూచించింది, ఆదేశించలేదు. 2024 ఆగస్టులో కార్ల కంపెనీలు ఒప్పుకున్నది ఎక్స్‌షోరూమ్ ధరలో (లైఫ్ ట్యాక్స్, బీమా కలపని ధర) 1.5 శాతం లేదా 20 వేలు, ఏది తక్కువైతే అది. అదీ గత ఆరు నెలల్లో తుక్కు చేసిన బండికే, తొలుత ఏడాది కాలానికే. మీ 8 లక్షల కారుకు లెక్క వేస్తే 12 వేలు. ఆ ఏడాది గడిచాక మీరు కొనే కంపెనీ ఇప్పుడు ఎంత ఇస్తోందో, అసలు ఇస్తోందో లేదో రాతపూర్వకంగా అడగండి. పైగా ఎక్స్ఛేంజ్ తగ్గింపు, తుక్కు తగ్గింపు రెండూ కలిపి ఇవ్వబోమని కంపెనీలు అప్పుడే చెప్పాయి. మీ కొటేషన్‌లో బోనస్ మాయం కావడానికి కారణం ఇదే కావచ్చు. ఎక్స్ఛేంజ్ బోనస్ 12 వేల కంటే ఎక్కువుంటే, కంపెనీ తగ్గింపు వరకు చూస్తే తుక్కు దారి పట్టి మీరు పోగొట్టుకుంటున్నట్టే.

కొనేవాడికి లాభమా కాదా అన్నది ఈ మెలిక దగ్గరే తేలుతుంది. 2009లో అమెరికాలో పాత కార్లకు 3,500 నుంచి 4,500 డాలర్ల వరకు ఇచ్చే పథకం పెట్టినప్పుడు, ప్రభుత్వ సొమ్ము వస్తోంది కదా అని డీలరు తన మామూలు తగ్గింపులు కోసేయకూడదని చట్టంలోనే రాశారు. పాత బండి తుక్కు విలువ ఎంతో కొనేవాడికి చెప్పాలని కూడా అందులో ఉంది. మన నిబంధనల్లో అలాంటి రక్షణ పెట్టలేదు. ఇది పెద్ద లోపమని నా గట్టి అభిప్రాయం. ఒక చేత్తో ఇచ్చి రెండో చేత్తో లాక్కునే అవకాశం డీలరుకు వదిలేస్తే, ఖజానా వదులుకున్న పన్ను కొనేవాడికి చేరినట్టు కాదు.

అందుకని డీలరు దగ్గర రెండు కొటేషన్లు తీసుకోండి. ఒకటి తుక్కు పత్రంతో, ఒకటి అది లేకుండా. ఎక్స్‌షోరూమ్ ధర, లైఫ్ ట్యాక్స్, బీమా, ఒక్కో తగ్గింపు విడివిడిగా రాసి ముద్ర వేయించుకోండి. ఇస్తామని రాసిచ్చి బిల్లులో ఎగ్గొడితే అది వినియోగదారుల రక్షణ చట్టం 2019, సెక్షన్ 2(47) కింద అనుచిత వ్యాపార పద్ధతి. 1915 హెల్ప్‌లైన్‌కు ఫిర్యాదు చేయవచ్చు. తేలకపోతే రెండేళ్లలోగా జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు వేయవచ్చు, మీ కారు ధరకు ఫీజు 200 రూపాయలే. నోటిమాట మీద గెలిచిన కేసులు చాలా తక్కువ, కాబట్టి కాగితం తప్పనిసరి.

ఇంటికొచ్చే పాత ఇనుము వ్యాపారికి మాత్రం బండి ఇవ్వకండి. ఆయన పది వేలు ఎక్కువిచ్చినా సరే. చట్టం దృష్టిలో ఆర్‌సీలో ఎవరి పేరుంటే వారే యజమాని. 2018లో నవీన్ కుమార్ వర్సెస్ విజయ్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు ఇదే తేల్చింది. కారు చేతులు మారి ఎవరెవరి దగ్గరికో వెళ్లినా, ప్రమాద పరిహారం రికార్డులో పేరున్న వ్యక్తి మీదే పడింది. ఆ ఇనుము వ్యాపారి బండిని తుక్కు చేయకుండా ఎవరికో అమ్మితే, లేదా ఆ నంబరు ప్లేటు దొంగ కారుకు ఎక్కితే నోటీసు వచ్చేది మీ నాన్నగారికి. బండి పనికిరాకుండా పోతే యజమాని 14 రోజుల్లోగా రిజిస్ట్రేషన్ అధికారికి తెలపాలని సెక్షన్ 55 చెబుతోంది. ఆ బాధ్యత ఇనుము వ్యాపారిది కాదు.

గుర్తింపు పొందిన కేంద్రంలో ఈ భయం లేదు. బండి దొంగసొత్తు కాదని పోలీసు రికార్డులతో సరిచూశాకే తీసుకుంటారు. ఛాసిస్ నంబరున్న లోహపు ముక్కను కోసి, బండిని తుక్కు చేసేశామని ధ్రువపత్రం ఇచ్చిన తేదీ నుంచి ఆరు నెలలు భద్రపరుస్తారు. కారు మీద పాత అప్పు ఉంటే బ్యాంకు ఎన్‌వోసీ (అభ్యంతరం లేదన్న పత్రం) తెచ్చి ముందే ఆర్‌సీలో ఆ అప్పు నమోదును కొట్టివేయించండి, చలాన్లు కట్టేయండి. బండి అప్పగించాల్సింది మీ నాన్నగారు కాబట్టి తుక్కు పత్రం ఆయన పేరునే వస్తుంది. దాన్ని ఆన్‌లైన్‌లో మరొకరికి బదిలీ చేసే వీలుంది. కొత్త కారు మీ పేరున కాబట్టి, బిల్లు వేయించకముందే బదిలీ పూర్తిచేసి, పన్ను తగ్గింపు మీకు వర్తిస్తుందని ఆర్టీఏలో నిర్ధారించుకోండి. పత్రానికి గడువు ఉంటుంది, ఒక్కసారే పనికొస్తుంది.

తుక్కు విలువ కొత్త కారు ధరలో 4 నుంచి 6 శాతం ఉంటుందని కేంద్రం అంచనా వేసింది, అంటే మీకు 32 వేల నుంచి 48 వేలు. చేతికొచ్చేది అంతే ఉంటుందని హామీ లేదు. కనీసం రెండు కేంద్రాల్లో ధర అడగండి.

ఈ లెక్కంతా చూశాక నా సలహా ఇది. బండి ఇంజిను బాగుండి ఫిట్‌నెస్ నెగ్గేలా ఉంటే, 5 వేలు, ఆలస్య రుసుము కట్టి ఆర్‌సీ పొడిగించి, మామూలుగా అమ్మితే ఎంతొస్తుందో మొదట కనుక్కోండి. తుక్కు విలువ, పన్ను తగ్గింపు, కంపెనీ డిస్కౌంటు మూడూ కలిపినా అంతకు తక్కువైతే అమ్మడమే మంచిది. అమ్మితే 14 రోజుల్లోగా యాజమాన్య బదిలీ సంగతి ఆర్టీఏకు తెలపండి. ఫిట్‌నెస్ నెగ్గే ఆశ లేని బండయితే ఆలోచించకుండా గుర్తింపు పొందిన కేంద్రానికే ఇవ్వండి. ఏ దారి ఎంచుకున్నా, బీమా కంపెనీ నుంచి నో క్లెయిమ్ బోనస్ (క్లెయిమ్ చేయనందుకు ప్రీమియంలో వచ్చే తగ్గింపు) పత్రం నాన్నగారి పేరున తీసుకోవడం మరిచిపోకండి. ఆ బోనస్ బండిది కాదు, ఆయనది. మూడేళ్లలోగా ఆయన పేరున కొనే కారు బీమాలో వాడుకోవచ్చు.