బ్రేకు కొడితే నడుం ముందుకు జారాలి

డబుల్ బెడ్రూం ఫ్లాట్‌లో ఒక మూలకి పట్టేలా మోషన్ సిమ్యులేటర్ కుర్చీ (కంప్యూటర్లో బండి నడిపే ఆటకి తగ్గట్టు కదిలే కుర్చీ) సొంతంగా చేసుకోవచ్చా, ఎంతవుతుంది, ఏ మోటార్లు కొనాలి అని అడిగారు. చేసుకోవచ్చు. నేను చేశాను. రెండేళ్లుగా మా ఇంట్లో బీరువా పక్కన మూడడుగుల చోటులో ఉంది. స్టీరింగు, కంప్యూటరు కాకుండా నాకు 14,000 దాకా అయింది. కానీ మోటార్ల గురించి అడిగారు చూశారా, అక్కడే అందరూ పొరపడతారు. ముందు అడగాల్సింది పివట్, అంటే సీటు వంగడానికి ఆధారమయ్యే కీలు, ఎక్కడ పెట్టాలని.

నాది రెండు కదలికల కుర్చీ. ముందుకీ వెనక్కీ వంగుతుంది, పక్కలకి ఒరుగుతుంది, అంతే. సీటు విజయవాడ ఆటోనగర్‌లో తుక్కు కింద దొరికిన మారుతి 800ది. దాని కింద పివట్‌గా ఒక యూజే క్రాస్ (ఎటైనా వంగే ఇనుప కీలు), మనిషితో సహా సీటు బరువంతా దాని మీదే. వెనక అటొకటి ఇటొకటి కారు వైపర్ మోటార్లు, వాటి క్రాంకుల (మోటారు తిప్పే పొట్టి చేతుల) నుంచి సీటుకి రెండు రాడ్లు. రెండు రాడ్లూ కలిసి పైకి తోస్తే సీటు ముందుకి వంగుతుంది. ఒకటి పైకి, ఒకటి కిందికి పోతే పక్కకి ఒరుగుతుంది.

మొదటిసారి పివట్‌ని సీటు ముందంచు కింద పెట్టాం, వెల్డింగ్‌కి అదే సులువని. నేను కూర్చోగానే బరువంతా వెనక మోటార్ల మీద పడింది. పావుగంటకల్లా ముట్టుకోలేనంత వేడెక్కి వైండింగు కాలుతున్న వాసన. ఇంకా పెద్ద మోటార్ల కోసం వెతకడం మొదలుపెట్టాను. లేత్ పని చేసే పెద్దాయన ఫ్రేము చూసి, "మోటారు కాదు బాబూ, తూకం కుదర్లేదు" అన్నాడు. పివట్‌ని 12 సెంటీమీటర్లు వెనక్కి, కూర్చున్న మనిషి బొడ్డుకి దాదాపు సూటిగా కిందికి జరిపించాడు. రాడ్లు విప్పేసి నన్ను కూర్చోబెట్టి, సీటు వీపుని రెండు వేళ్లతో తోశాడు. వంగింది. అవే మోటార్లు ఇప్పటికీ నడుస్తున్నాయి. రెండు వేళ్లతో కదలని కుర్చీకి మోటార్లు కొనొద్దు.

ఎక్కువ కదలాలని కూడా ఆశపడకండి. పివట్ నుంచి రాడ్ దాకా నాకు 35 సెంటీమీటర్లు, క్రాంకు పొడవు 4. లెక్క వేస్తే అటూ ఇటూ ఆరున్నర డిగ్రీలు. అంత వంపులో ఒంటి బరువులో తొమ్మిదో వంతు ముందుకి లాగుతుంది. నా 72 కిలోలకి ఎనిమిది కిలోలు. నిజం కారులో గట్టి బ్రేకు ముందు అది చాలా తక్కువే, కానీ కళ్లు తెర మీద ఉంటే లోపలి చెవి చెప్పేదాన్ని మెదడు బ్రేకు కిందే లెక్కేస్తుంది. కుర్చీని అన్ని వైపులా కదిపే ఆరు కాళ్ల స్టీవర్ట్ ప్లాట్‌ఫాం లేకపోతే దండగ అనేవాళ్ల మాట వినకండి. 1929లో ఎడ్విన్ లింక్ తన మొదటి విమాన శిక్షణ యంత్రాన్ని వాళ్ల నాన్న ఆర్గన్ వాద్యాల కర్మాగారంలోని తిత్తులతోనే కదిలించాడు. రెండో ప్రపంచ యుద్ధంలో లక్షల మంది పైలట్లు అలాంటి డబ్బాల్లోనే నేర్చుకున్నారు.

ఎలక్ట్రానిక్స్ ఒక ఆర్డినో ఊనో (మోటార్లకి ఆజ్ఞలిచ్చే చిన్న బోర్డు), మోటార్లకి కరెంటు పంపే రెండు బీటీఎస్7960 డ్రైవర్లు, 12 వోల్టుల 30 ఆంపియర్ల ఎస్‌ఎంపీఎస్ (పవర్ సప్లై డబ్బా), రెండు 10కె పొటెన్షియోమీటర్లు. ఆటలోని కదలికని కుర్చీకి పంపే సాఫ్ట్‌వేర్ సిమ్‌టూల్స్. రెండు జాగ్రత్తలు మాత్రం చెప్తాను. చాలా వైపర్ మోటార్లకి బాడీయే నెగటివ్. దిశ మార్చినప్పుడు బాడీకి ప్లస్ వస్తుంది. రెండూ ఒకే ఇనుప ఫ్రేముకి తగిలి ఉంటే షార్టే. నేను పాత టైరు ముక్కలు, ప్లాస్టిక్ వాషర్లు వేసి విడదీశాను. రెండోది పొటెన్షియోమీటర్. క్రాంకు ఎక్కడుందో ఆర్డినోకి చెప్పేది అదొక్కటే. ఒక రాత్రి నాకు దాని స్క్రూ వదులైపోయింది. క్రాంకు తిరుగుతున్నా పొటెన్షియోమీటర్ తిరగలేదు. ఇంకా కదల్లేదనుకుని ఆర్డినో పూర్తి కరెంటు ఇచ్చింది. క్రాంకు గిర్రున తిరిగి పది మిల్లీమీటర్ల రాడ్ వంగిపోయింది, నా పక్కటెముకలు స్టీరింగుకి కొట్టుకుని వారం నొప్పి పెట్టాయి. ఇప్పుడు పొటెన్షియోమీటర్ ఇరుసుని ఒక పక్క చదునుగా ఆకురాయితో రుద్ది, స్క్రూ అక్కడ కూర్చునేలా బిగించాను. చేతికందేచోట ఎర్ర ఎమర్జెన్సీ స్టాప్ పెట్టాను. అది సాఫ్ట్‌వేర్‌ని ఆపేది కాదు, 12 వోల్టులనే తెంచేది.

ఇవి వీడియోల్లో చెప్పరు. ఆఖరికి కుర్చీ చక్కగా ఊగడమే చూపిస్తారు, వంగిన రాడ్ చూపించరు. ఇంజినీరింగ్ పిల్లలైతే ఫైనలియర్ ప్రాజెక్టుని రెడీమేడ్‌గా కొని, రిపోర్టు బైండింగ్ చేయించి వైవాకి పోతున్నారు. ఆ డబ్బుతో ఆటోనగర్‌లో నెల తిరిగితే బతుకంతా పనికొచ్చే విద్య వస్తుంది. నాకు ఇది నిజంగా బాధ.

అసలు చెప్పాలనుకున్నది మా నాన్న సంగతి. ఆయన ఆర్టీసీలో 31 ఏళ్లు డ్రైవరు, ఎక్కువకాలం శ్రీశైలం బస్సు. కుర్చీ తయారయ్యాక వారం నేను ఆడాను. ఏదో తేడాగా ఉండేది, ఏమిటో తెలిసేది కాదు. ఆదివారం నాన్నని కూర్చోబెట్టి లారీ నడిపే ఆట యూరో ట్రక్ సిమ్యులేటర్ 2లో ఇంగ్లండ్ రోడ్లు పెట్టాను, అక్కడా మనలాగే ఎడమ పక్కన నడుపుతారు కాబట్టి. చెప్పులు విప్పి, పెడల్స్‌ని పాదంతో ఒకసారి తడిమి చూసుకున్నాడు. రెండు నిమిషాలు నడిపి బ్రేకు కొట్టాడు, మళ్లీ కొట్టాడు. "ఒరే, ఇది తిరగబడి ఉంది. బ్రేకు కొడితే నడుం ముందుకు జారాలి. ఇది నన్ను వెనక్కి పడుకోబెడుతోంది" అన్నాడు. సిమ్‌టూల్స్‌లో దిశ ఒకటి నేనే పొరపాటున తలకిందులుగా పెట్టాను. వారం రోజులు నాకు తెలియనిది ఆయన నడుముకి తెలిసింది.

దిశ సరిచేశాక సిగ్నల్ దగ్గర లారీ ఆపాడు. నేను ఆపితే సీటు ముందుకి వంగి, బండి ఆగగానే టక్కున వెనక్కి కొడుతుంది. ఆయన ఆపితే వంగిన సీటు మెల్లగా, చడీచప్పుడు లేకుండా సమానానికి వచ్చి నిలిచింది. ఎలా అని పాదం వంక చూశాను. ఆగబోయే ముందు ఆఖరి గజంలో పెడల్‌ని కొంచెం వదులుతున్నాడు. "నిలబడ్డ జనం ఉంటారు కదరా" అన్నాడు. చిన్నప్పుడు ఆయన బస్సులో కండక్టర్ సీటు పక్కన నిలబడి ఎన్నోసార్లు శ్రీశైలం వెళ్లాను, ఒక్కసారీ తూలి పడలేదు. ఎందుకో నాకు 38 ఏళ్లకి ఈ కుర్చీ పక్కన నిలబడి తెలిసింది.

ఇప్పుడు రోజూ సాయంత్రం ఒక గంట కుర్చీ ఆయనదే. దోర్నాల దాటాక వచ్చే ఘాట్ లాంటి రోడ్డు ఇందులో ఉందా అని అడుగుతాడు. బండి నిలబడ్డప్పుడు సీటు కింద ఇంజిన్ వణుకు తెలియడం లేదని కూడా అన్నాడు. అందుకని నిన్ననే ఒక బాస్ షేకర్ (శబ్దానికి బదులు సీటుని వణికించే స్పీకరు లాంటిది) తెప్పించాను, ఈ ఆదివారం బిగించాలి.