కొండ ఊళ్లో కొత్త కాపురం: ప్రతి తలనొప్పినీ ఎత్తు మీదికి నెట్టకండి

ప్రశ్న: మేం ఎనిమిదేళ్లుగా డాలస్ దగ్గర ఫ్రిస్కోలో ఉంటున్నాం. మా వారికి కొలరాడోలోని గన్నిసన్ అనే చిన్న ఊళ్లో, యూనివర్సిటీలో ఉద్యోగం వచ్చింది. అక్టోబర్‌లో మారుతున్నాం. ఊరికి పది మైళ్ల అవతల ఒక పాత చెక్క ఇల్లు అద్దెకు దొరికింది. కొన్ని నెలలుగా ఖాళీగా ఉందట. నీళ్లు సొంత బోరువి. కట్టెల పొయ్యి ఉంది, గ్యారేజీ ఇంటికి ఆనుకునే ఉంటుంది. మా బాబుకు ఎనిమిదేళ్లు, ఆస్తమా ఉంది. డిసెంబర్‌లో గుంటూరు నుంచి మా అత్తయ్య వచ్చి ఆరు నెలలు ఉంటారు. ఆవిడకు 66 ఏళ్లు. బీపీ, షుగర్ ఉన్నాయి, రాత్రిపూట ఇన్సులిన్ తీసుకుంటారు. నాలుగేళ్ల కిందట గుండెకు ఒక స్టెంట్ వేశారు. అక్కడ ఆక్సిజన్ సరిపోదని తెలిసినవాళ్లంతా భయపెడుతున్నారు. ముందే సిలిండర్ కొనిపెట్టుకోవాలా? అత్తయ్యను రమ్మనవచ్చా? ఒకటే టెన్షన్‌గా ఉంది.
– ఒక పాఠకురాలు, ఫ్రిస్కో

సలహా: సిలిండర్ కొనకండమ్మా. దుకాణాల్లో అమ్మే ఆక్సిజన్ డబ్బాలు అసలే వద్దు. అవి కొద్ది నిమిషాల్లో అయిపోతాయి, డబ్బు దండగ. పైగా కట్టెల పొయ్యి ఉన్న చెక్క ఇంట్లో ఆక్సిజన్ సిలిండర్ పెట్టుకోవడం ఇంకో ప్రమాదాన్ని కొనితెచ్చుకోవడమే.

గన్నిసన్ 7,703 అడుగుల ఎత్తున ఉంది. అంటే మన ఊటీ కన్నా మూడు నాలుగు వందల అడుగులు ఎక్కువ, అంతే. గాలిలో ఆక్సిజన్ శాతం అక్కడా 21 దగ్గరే ఉంటుంది. తగ్గేది గాలి ఒత్తిడి. అందుకే ఒక్కో ఊపిరికి సముద్ర తీరంలో అందేదానిలో దాదాపు ముప్పావు వంతు అందుతుంది. ఆ లోటు పూడ్చుకోవడానికి శరీరం మొదట ఊపిరి వేగం పెంచుతుంది, తర్వాత కొన్ని వారాల్లో రక్తంలో ఎర్రకణాలు పెంచుతుంది. మీకు రక్తహీనత ఉంటే ఈ పని సరిగ్గా సాగదు. కాబట్టి బయల్దేరేలోపు హిమోగ్లోబిన్, ఐరన్ పరీక్షలు చేయించుకోండి. మన ఆడవాళ్లలో ఐరన్ తక్కువగా ఉండటం మామూలే, అయినా ఎవరూ పట్టించుకోరు. మీ ఇరువైపుల కుటుంబాల్లో ఎవరికైనా సికిల్ సెల్ (ఎర్రకణాలు కొడవలి ఆకారంలోకి మారే వంశపారంపర్య జబ్బు) ఉంటే ఆ సంగతి డాక్టర్‌కు తప్పకుండా చెప్పండి.

డాలస్ నుంచి కారులో వస్తారు కాబట్టి దారిలో కొలరాడో స్ప్రింగ్స్‌లో రెండు రాత్రులు ఆగండి. అది 6,000 అడుగుల ఎత్తు. అక్కడ ఒంటికి కాస్త అలవాటయ్యాక బయల్దేరితే తేడా తెలుస్తుంది. శాలైడా అనే ఊరు దాటాక వచ్చే మోనార్క్ పాస్ అనే కనుమ 11,312 అడుగులు. దాన్ని దాటి దిగిపోవడమే కాబట్టి భయం లేదు. కానీ ఫొటోల కోసం పిల్లాడిని మంచులో పరుగులు పెట్టించకండి. గన్నిసన్ చేరాక మొదటి రెండు మూడు రోజులు తలనొప్పి, వికారం, నిద్ర పట్టకపోవడం, మెట్లెక్కితే ఆయాసం ఉండొచ్చు. నేను కొత్తగా కొలరాడో వచ్చినప్పుడు సూట్‌కేసు రెండో అంతస్తుకు మోసి, గుండె జబ్బు వచ్చిందేమోనని హడలిపోయాను. ఆ రోజుల్లో నీళ్లు బాగా తాగండి, బరువులు మీవారితో మోయించండి, మందు పార్టీలు వాయిదా వేయండి. ఎత్తుకు ముందుగా వేసుకునే ఎసిటజోలమైడ్ మాత్ర ఇలా ఆగుతూ వెళ్లేవారికి ఈ ఎత్తులో మామూలుగా అవసరం పడదు. సల్ఫా మందులు పడనివారైతే డాక్టర్‌ను అడగకుండా దాని జోలికే పోకూడదు.

ఇక అసలు సంగతి. కొత్తగా కొండల మీదికి వచ్చినవాళ్లు ఒంట్లో ఏది వచ్చినా ‘ఎత్తు కదా, అలవాటైతే తగ్గుతుంది’ అని పడుకుంటారు. నాకు భయం దాని గురించే. మీరు రాసిన ఇంటి వివరాలు చదివాక ఆ భయం ఇంకా పెరిగింది.

కట్టెల పొయ్యి, ఇల్లు వెచ్చబరిచే పాత ఫర్నేసు, ఆనుకొని ఉన్న గ్యారేజీ. ఈ మూడింట్లో ఏది సరిగా లేకపోయినా ఇంట్లో కార్బన్ మోనాక్సైడ్ చేరుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. తలనొప్పి, వికారం, తల తిరగడం, నీరసం వస్తాయి. చూశారా, అచ్చం ఎత్తు వల్ల వచ్చే లక్షణాలే. తేడా కనిపెట్టడానికి రెండు గుర్తులున్నాయి: ఇంట్లో అందరికీ ఒకేసారి మొదలవుతుంది, బయటికి వెళ్తే తేలికపడి లోపలికి రాగానే మళ్లీ వస్తుంది. ఇంకో మెలిక ఉంది. రక్తంలో ఆక్సిజన్ చూడటానికి వేలికి తగిలించే పల్స్ ఆక్సీమీటర్ ఈ విషవాయువును ఆక్సిజన్‌గానే లెక్కేస్తుంది. మనిషి స్పృహ తప్పుతున్నా అంకె బాగానే కనిపిస్తుంది. కాబట్టి ఆ అంకెను నమ్ముకుని ఇంట్లో కూర్చోకండి. అనుమానం వస్తే అందరూ బయటికి వచ్చేసి 911కు ఫోన్ చేయండి. అద్దె ఇళ్లలో పడకగదులకు 15 అడుగుల లోపు కార్బన్ మోనాక్సైడ్ అలారం ఉండాలని కొలరాడోలో 2009 నుంచి చట్టమే ఉంది. ఇంటి యజమానిని మొహమాటపడకుండా అడగండి, బ్యాటరీ పనిచేస్తోందో లేదో మీరే నొక్కి చూడండి. పొగగొట్టం శుభ్రం చేయించాకే పొయ్యి వెలిగించండి. నిజానికి ఆస్తమా పిల్లాడున్న ఇంట్లో కట్టెల పొగ లేకపోవడమే మంచిది. కరెంటు పోయిన రోజు వాడుకుంటే చాలు. గ్యారేజీలో కారు స్టార్ట్ చేసి వేడెక్కనివ్వడం, వంకాయలు కాలుద్దామని బొగ్గుల కుంపటి లోపల పెట్టడం, ఈ రెండూ వద్దే వద్దు.

కొన్ని నెలలుగా ఖాళీగా ఉన్న ఇల్లన్నారు. మనవాళ్లు కొత్త ఇంట్లో అడుగుపెట్టగానే ముందు చీపురు పట్టుకుంటారు. ఈ ఒక్క ఇంట్లో ఆ పని చేయకండి. అక్కడి డీర్ మైస్ అనే ఎలుకల మూత్రం, పెంటికల్లో హంటావైరస్ ఉండొచ్చు. ఊడిస్తే దుమ్ముతో పాటు లేచి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. 1993లో కొలరాడో, న్యూమెక్సికో, ఆరిజోనా, యూటా కలిసే ప్రాంతంలో యువకులు హఠాత్తుగా చనిపోతుంటే వెతికినప్పుడు బయటపడిన జబ్బు ఇది. అరుదే, కానీ ఊపిరితిత్తుల దాకా వస్తే నూటికి 38 మంది వరకు చనిపోతారు. మందు లేదు. అందుకని తలుపులు, కిటికీలు తెరిచి అరగంట వదిలేయండి. గ్లవ్స్ వేసుకుని, ఒక వంతు బ్లీచ్‌కు తొమ్మిది వంతుల నీళ్లు కలిపి ఎలుక పెంటికల మీద తడిసేలా చల్లండి. ఐదు నిమిషాలాగి పేపర్ టవల్‌తో తీసేయండి. వాక్యూమ్ క్లీనర్ కూడా వాడొద్దు. శుభ్రం చేసిన వారం నుంచి ఎనిమిది వారాల్లోపు జ్వరం, తొడలు, నడుము విపరీతంగా నొప్పులు వస్తే ఫ్లూ అనుకోకండి, ఎత్తు అసలే అనుకోకండి. ఎలుకల సంగతి డాక్టర్‌కు మీరే చెప్పాలి.

మంచి రోజు చూసుకుని పాలు పొంగిస్తారు కదా. అక్కడ పాలు మామూలు కన్నా త్వరగా పొంగుతాయి, ఎందుకంటే ఆ ఎత్తులో నీళ్లు 92 డిగ్రీల సెల్సియస్ దగ్గరే మరుగుతాయి. కందిపప్పు గిన్నెలో పెడితే ఒక పట్టాన ఉడకదు, కుక్కరే దిక్కు. బోరు నీళ్లకూ ఇదే లెక్క. 6,500 అడుగులు దాటిన చోట నీళ్లు కాచి తాగాలంటే మరగడం మొదలయ్యాక మూడు నిమిషాలు ఉంచాలి. దాంతో క్రిములు పోతాయి గానీ ఆర్సెనిక్, యురేనియం లాంటివి పోవు, నీరు ఆవిరైనకొద్దీ చిక్కబడతాయి కూడా. ఆ కొండల బోర్లలో అవి ఉండే అవకాశం ఉంది కాబట్టి చేరిన మొదటి వారంలోనే నీళ్లను ల్యాబ్‌కు పంపండి. రేడాన్ పరీక్ష కిట్ కూడా ఒకటి తెచ్చుకోండి. కొలరాడోలో దాదాపు సగం ఇళ్లలో ఈ వాయువు హద్దు మీరి ఉంటుంది, ఏళ్ల తరబడి పీలిస్తే ఊపిరితిత్తుల క్యాన్సర్ తెస్తుంది. కిట్ ఫలితం లీటరు గాలికి 4 పికోక్యూరీలు దాటితే యజమానితో మాట్లాడండి.

బాబు విషయంలో నాకు పెద్దగా బెంగ లేదు. అక్కడి పొడి గాలిలో దుమ్ము పురుగులు బతకలేవు, కొందరు పిల్లలకు ఆస్తమా తగ్గుముఖం పడుతుంది కూడా. అయితే జనవరి రాత్రుల్లో సున్నా ఫారెన్‌హీట్ కన్నా కిందికి పడిపోయే ఊరది. ఆ చలిగాలి నేరుగా పీలిస్తే శ్వాసనాళాలు బిగుసుకుంటాయి. ముక్కు, నోరు కప్పేలా మఫ్లర్ చుట్టండి. ఇన్‌హేలర్ స్కూల్ బ్యాగులో కాదు, కోటు లోపలి జేబులో ఉండాలి. గడ్డకట్టే చలిలో ఉన్న ఇన్‌హేలర్ సరిగా మందు వదలదు. వేసవిలో అడవులు తగలబడితే పొగ వందల మైళ్లు వస్తుంది. ఎయిర్‌నౌ యాప్‌లో గాలి నాణ్యత చూసుకుని, ఎర్ర రంగు కనిపిస్తే ఆ రోజు ఆటలు మాన్పించండి.

ఇప్పుడు అత్తయ్యగారు. నాలుగేళ్ల కిందటి స్టెంట్ ఒక్కటే అడ్డంకి కాదు. గుంటూరులో మెట్లెక్కినా ఛాతీ నొప్పి, ఆయాసం లేకుండా ఉంటే, గుండె పంపింగ్ బాగుంటే ఆవిడ ఈ ఎత్తుకు రావచ్చు. టికెట్ కొనకముందే కార్డియాలజిస్టుకు చూపించి ఎకో, అవసరమంటే ట్రెడ్‌మిల్ పరీక్ష చేయించమనండి. ‘7,700 అడుగుల ఊళ్లో ఆరు నెలలుంటాను’ అని అంకెతో సహా చెప్పాలి. ‘అమెరికా వెళ్తున్నా’ అంటే ఆ డాక్టర్ విమాన ప్రయాణం గురించే ఆలోచిస్తారు. డెన్వర్‌లో దిగాక రెండు మూడు రోజులు అక్కడే ఉంచండి. మొదటి రెండు వారాలు రోజూ బీపీ చూసి రాసిపెట్టండి. కొంతమందికి ఎత్తులో బీపీ పెరుగుతుంది. మాత్రలు మాత్రం సొంతంగా పెంచకండి. ఆక్సీమీటర్‌లో 91 నుంచి 95 మధ్య కనిపిస్తే అక్కడ మామూలే, గుంటూరు 98తో పోల్చి కంగారు పడొద్దు. కూర్చుని ఉండగానే 90 కిందికి వెళ్లి ఆయాసపడుతుంటే ఆస్పత్రికి తీసుకెళ్లాలి. అంకె ఎంత ఉన్నా, ఛాతీలో బరువుగా ఉందంటే ‘ఎత్తు కదమ్మా’ అనకండి, 911కు చేయండి. ఇన్సులిన్ ఒక్కసారి గడ్డకడితే పారేయాల్సిందే, కారులో మరిచిపోకండి. కొన్ని గ్లూకోమీటర్ స్ట్రిప్పులు ఎత్తులో, చలిలో తప్పు చూపిస్తాయి. ఎంత ఎత్తు వరకు పనిచేస్తాయో పెట్టెలోని కాగితం మీద ఉంటుంది.

ఊళ్లో చిన్న ఆస్పత్రి ఉంది, ఎమర్జెన్సీ చూస్తారు. కానీ గుండెకు పెద్ద వైద్యం కావాలంటే పెద్ద ఊరికి తరలించాలి. మంచు పడితే రోడ్డు మూసేస్తారు, హెలికాప్టర్ తప్పకపోవచ్చు. అనుకోని ఎయిర్ అంబులెన్స్ బిల్లుల నుంచి కాపాడే చట్టం 2022 నుంచి మీలాంటి హెల్త్ ఇన్సూరెన్స్ ఉన్నవాళ్లకు అండగా ఉంది. విజిటర్ ఇన్సూరెన్స్‌తో వచ్చే అత్తయ్యగారికి ఆ రక్షణ ఉంటుందనుకోకండి. పాత జబ్బులకు, ఎయిర్ అంబులెన్స్‌కు ఎంతవరకు ఇస్తారో పాలసీలో చదివాకే డబ్బు కట్టండి. ఆవిడ మందులు ఆరు నెలలకు సరిపడా, చీటీతో సహా చేతి బ్యాగులో తెచ్చుకోవాలి.

ఇంకొక్కటి. వేసవి సెలవుల్లో మీరు గుంటూరు వెళ్లి నెలా రెండు నెలలుండి తిరిగి వస్తారు కదా. పుట్టిపెరిగిన కొండ ఊరికే తిరిగొచ్చినా కొందరు పిల్లలకు మొదటి ఒకటి రెండు రాత్రుల్లో ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుంది. 8,000 అడుగులు దాటిన ఊళ్లలో ఇది ఎక్కువ, మీది ఆ గీతకు కాస్త కిందే. అయినా జలుబుతో ఉన్న పిల్లాడిని తీసుకొచ్చిన వెంటనే క్రెస్టెడ్ బ్యూట్ లాంటి ఇంకా ఎత్తైన చోటికి తీసుకెళ్లకండి. ఆ రెండు రాత్రులూ బాబు దగ్గు, ఊపిరి గమనించండి. ఇన్‌హేలర్ ఇచ్చినా తగ్గని ఆయాసం, పెదవులు నీలంగా మారడం కనిపిస్తే తెల్లారేదాకా ఆగకుండా తీసుకెళ్లండి. ఇండియా నుంచి నిన్ననే వచ్చామని అక్కడి డాక్టర్‌తో మొదటి మాటగా చెప్పండి.