కాలస్ మీద నీ వ్యాసం చదివాక

తమ్ముడూ,

ఆపెరా (పాటలతోనే నడిచే పాశ్చాత్య సంగీత నాటకం) గాయని మరియా కాలస్ మీద నీ వ్యాసం చదివా. భాష బానే ఉంది, చేయి తిరుగుతుంది నీకు. కానీ "ఒనాసిస్ చేసిన మోసంతో ఆ కోకిల మూగబోయింది" అన్న వాక్యం దగ్గర మాత్రం ఒళ్ళు మండింది. తేదీలు చూసుకున్నావా అసలు? కాలస్ ఆ గ్రీకు ఓడల కోటీశ్వరుడు ఒనాసిస్ ఓడెక్కింది 1959 వేసవిలో. రోమ్‌లో ఇటలీ ప్రెసిడెంట్ కూర్చుని వింటుండగా నోర్మా అనే ఆపెరా మొదటి అంకం అవగానే గొంతు సహకరించక ఆపేసింది 1958 జనవరి 2న. పేపర్లన్నీ పొగరంటూ దుమ్మెత్తిపోశాయిలే, అది వేరే కథ. పై స్వరాల్లో వణుకొస్తోందని అప్పటికే అంటున్నారు. యుద్ధం రోజుల్లో ఏథెన్స్‌లో, పద్దెనిమిదేళ్ళకే టోస్కా లాంటి బరువైన పాత్ర మోసిన గొంతు అది, ఆ తర్వాత 53, 54ల్లో మనిషి సగం చిక్కిపోయింది, కారణం ఏదో ఇప్పటికీ కొట్టుకుంటూనే ఉన్నారు జనం. ఆడమనిషి గొంతు పోతే వెనక మగాడు ఉండాల్సిందేనా?

ఆర్టిస్టు గురించి రాస్తే పని గురించి రాయాలి. ఇదే మాట అందరితోనూ అని అని విసిగించేశా, ఇప్పుడు నీ వంతు. నీ వ్యాసంలో సగానికి పైగా ఓడలు, నగలు, ఒనాసిస్‌తో జాకీ కెనడీ పెళ్ళి. గురువు ఎల్విరా డి హిడాల్గో మాత్రం ఒక్క వాక్యం. ఈ పిల్ల పొద్దున్నే క్లాసుకొచ్చి తన పాఠం అయిపోయినా ఇంటికి పోకుండా మిగతావాళ్ళ పాఠాలన్నీ సాయంత్రం దాకా కూర్చుని వినేదట, అది ఎక్కడ? కళ్ళజోడు తీస్తే ఆవిడకి అంతా మసకే, స్టేజీ మీంచి ఆర్కెస్ట్రాని నడిపించే కండక్టర్ చెయ్యి కనపడదు, అందుకని మొత్తం సంగీతం బట్టీపట్టేసి చెవితోనే ఆర్కెస్ట్రాని అందుకునేది. నాకైతే దీని మీదే ఒక పేజీ కావాలి.

ఇక 1949 జనవరి, వెనిస్. లా ఫెనీచే ఆపెరా హౌస్‌లో వాగ్నర్ రాసిన వాల్కిరీ ఆపెరా పాడుతోంది, ఆర్కెస్ట్రా హోరుని దాటాల్సిన భారీ గొంతు పాత్ర. ఇంతలో బెల్లినీ ఆపెరా ప్యూరిటాని పాడాల్సిన గాయని కరోజియో జబ్బుపడింది. కండక్టర్ సెరాఫిన్ ఆ పాత్ర కూడా ఈవిడకే ఇచ్చాడు. గబగబా పరిగెత్తే గమకాలు, పల్చటి పై స్వరాలు. అక్కడ వాగ్నర్ పాడుతూనే ఇక్కడ ఇది నేర్చుకుని రోజుల తేడాతో రెండూ పాడేసింది, రోడ్డు రోలర్ నడిపే చేత్తోనే సూదిలో దారం ఎక్కించినట్టు. ఆవిడ పేరు మోగిపోయింది ఆ దెబ్బతోనే. నువ్వేమో "వెనిస్‌లో విజయం సాధించింది" అని దాటేశావ్.

ఆపెరాలోలా మైకు లేకుండా పాడటం అంటే ఏంటో నాకు ఒక పద్యనాటకం నటుడు చూపించాడు. కుర్రతనంలో ఆయన మీద వ్యాసం రాయడానికి తెనాలి వైపు వెళ్ళా. పద్యం ఎత్తుకునే ముందు గాలి ఎక్కడ పట్టాలో, రాగం తీస్తూ ఎక్కడ దొంగతనంగా ఇంకో గుక్క తీసుకోవాలో, నా చెయ్యి తీసుకుని తన పక్కటెముకల మీద పెట్టుకుని మరీ చెప్పాడు, అవి అలా వెడల్పవడం చేతికి తెలిసింది. అదంతా రాసి ఒక వారపత్రికకి ఇస్తే ఎడిటర్ మహానుభావుడు ఆ భాగమే కొట్టేసి, ఆయన రెండో సంసారం గురించి ఇంకో రెండు పేరాలు తెమ్మన్నాడు. ఇవ్వలేదు. వ్యాసం పడలేదు. ఆ ఎడిటర్‌కి తర్వాత శాలువాలే శాలువాలు. ఇప్పుడు వెబ్‌సైట్ల వాళ్ళు మాత్రం తక్కువా, హెడ్డింగులో "విషాద ప్రేమకథ" లేకపోతే లింకు కూడా పెట్టరు, నీ బోటి వాళ్ళు పాడయ్యేది అక్కడే.

1971, 72ల్లో కాలస్ న్యూయార్క్ జూలియార్డ్ సంగీత కళాశాలలో పిల్లలకి క్లాసులు చెప్పింది, రికార్డింగులు బయటికొచ్చాయి. గొంతు అప్పటికే దెబ్బతింది, అయినా పిల్లల్ని మధ్యలో ఆపి ఒక ముక్క తనే పాడి చూపిస్తుంది. ముందు అవి విను. విన్నాక వెనిస్ జనవరి ఒక్కటీ పట్టుకుని మళ్ళీ రాయి.

పబ్లిషర్ల సంగతేదో అడిగావ్, దానికి ఇప్పుడు ఓపిక లేదు. పీడీఎఫ్ వద్దు, వర్డ్ ఫైల్ పంపు, కొట్టివేతలు చాలా ఉంటాయి.